పేరెవరి సొత్తు? : అమెరికా కళాశాల క్రీడాకారుల న్యాయపోరాట చరిత్రము

మనుష్యునకు దేహము పుట్టుకతో వచ్చును. పేరు పెద్దలు పెట్టుదురు. కీర్తి స్వప్రయత్నముచే లభించును. మొదటి రెండును అతనివే యనుటలో వివాదము లేదు. మూడవది అంగడిలో వెల పలుకునట్టిదైనప్పుడు ఆ వెల ఎవరికి చెందవలెనను ప్రశ్న పుట్టును.

1895లో నాగపురమున తెలుగు కుటుంబమున జన్మించి, 1932లో లార్డ్స్ మైదానమున భారతదేశపు తొలి టెస్టు జట్టునకు నాయకుడైన సి. కె. నాయుడుగారు మహారాష్ట్రమందలి మన తెలుగువారికి నిత్యస్మరణీయులు. 1941లో ఆయన బాత్‌గేట్ లివర్ టానిక్కు ప్రకటనకు తమ పేరు నొసగిరి. మన దేశమున క్రికెట్టు ఆటగాని కీర్తి వర్తకప్రకటనకు తోడైన తొలి సందర్భములలో ఇది యొకటి. ఆ తరువాతను ఆయన హోల్కరు జట్టున ఆడుచునే యుండిరి. అమెరికా దేశమున కళాశాల పక్షమున ఆడు యువకుడు ఇట్టి పనియే చేసినచో, 2021 వఱకును ఆడు అర్హతను కోల్పోయెడివాడు. ఆ నిషేధమెట్లు పుట్టినది, ఎట్లు కూలినది, కూలిన పిమ్మట ఆ యధికారమేమైనది అను విషయములు సంఘములను స్థాపించి నడుపువారందఱును తెలిసికొనదగినవి.

అమెరికాలో కళాశాల క్రీడకును వర్తకమునకును గల చుట్టఱికము ప్రాతదే. 1852లో హార్వర్డు, యేలు విద్యార్థులు విన్నిపెసాకీ సరస్సున పడవపందెము నడిపిరి. ఆ దేశమున రెండు కళాశాలల నడుమ జరిగిన తొలి పోటీ యదియే. విద్యార్థుల ఖర్చులు భరించినది ఒక రైలుకంపెనీ. ఆ సరస్సుతీరమునకు ప్రయాణికులను రప్పించుకొనుట దాని యుద్దేశము.

క్రమముగా ఫుట్‌బాలు ఆట ప్రబలెను. అమెరికావారి ఫుట్‌బాలు మన మెఱిగిన కాలిబంతి కాదు. బంతిని చేతబట్టి, ఎదుటివారిని త్రోసికొనుచు, పడద్రోయుచు సాగు ఆట. తలకు సరియైన రక్షణ లేని ఆ కాలమున పలువురు విద్యార్థులు మైదానమున ప్రాణములు కోల్పోయిరి. 1905లో అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్టు హార్వర్డు, యేలు, ప్రిన్స్‌టను విద్యాలయముల ప్రతినిధులను శ్వేతభవనమునకు పిలిపించి, ఆటను సంస్కరింపవలసినదని హెచ్చరించెను. తత్ఫలితముగా 1906లో 62 విద్యాసంస్థలు చేరి యొక సంఘముగా నేర్పడినవి. 1910లో దానికి జాతీయ కళాశాలల క్రీడాసంఘమను పేరు కలిగెను. ఎన్.సి.ఏ.ఏ. అను పొడియక్షరములతో లోకమెఱిగిన సంఘమిదియే. విద్యార్థుల ప్రాణరక్షణ దీని జన్మకారణమని జ్ఞాపకముంచుకొనవలెను. ఆటకు ప్రతిఫలముగా ధనమును పుచ్చుకొనరాదను నియమమును ఆ తొలినాళ్లలోనే చేర్చిరి.

ఈ నిర్ధనవ్రతము ఇంగ్లండునుండి వచ్చినది. కూలికి ఆడువాడు తక్కువవాడు, వినోదమునకాడువాడు పెద్దమనిషి యను భావము అక్కడి సంపన్నవర్గములది. ఈ భావమెంత కఠినముగా ప్రవర్తించెనో జిమ్ థోర్పు చరిత్ర చెప్పుచున్నది. అతడు అమెరికా ఆదివాసి జాతివాడు. కార్లైలు విద్యాలయమున చదివి, 1912 స్టాక్‌హోము ఒలింపిక్సులో పెంటాథ్లను, డెకాథ్లను రెండింటను ప్రథముడైనవాడు. అంతకు మున్ను రెండు వేసవులు స్వల్పవేతనమునకు బేస్‌బాలు ఆడెనని వెల్లడికాగా 1913లో అతని పతకములను లాగికొనిరి. 1953లో అతడు మరణించెను. పతకములను తిరిగి ఇచ్చుటకు నిర్ణయము 1982లో జరిగెను. ఆ పోటీలలో అతడొక్కడే విజేత యని అంగీకరించుట 2022లో జరిగెను.

నియమ మొకటి, నడవడి యొకటి యయ్యెను. 1929లో కార్నెగీ సంస్థవారు 112 కళాశాలలను పరిశీలించి, వానిలో 81 ఆటగాండ్రకు ఏదో యొక రూపమున ప్రలోభములను చూపుచున్నవని ప్రకటించిరి. దొంగచాటు చెల్లింపులను అరికట్టజాలక, 1956లో ఎన్.సి.ఏ.ఏ. తానే క్రీడాప్రావీణ్యమునకు విద్యార్థివేతనముల నొసగుటకు సమ్మతించెను. చదువు, భోజనము, వసతి ఈయవచ్చును. నియమిత హద్దునకు మించి కూడదు.

ఆ దశాబ్దమునందే మఱియొక చిక్కు వచ్చిపడెను. ఆటలో గాయపడిన విద్యార్థి కర్మాగారమున గాయపడిన కార్మికునివలె పరిహారమునకు అర్హుడా? కొలరాడో రాష్ట్రపు ఉన్నతన్యాయస్థానము 1953లో డెన్వరు విశ్వవిద్యాలయపు ఆటగాని విషయమున అర్హుడేయని తీర్పు చెప్పెను. 1955లో అదే రాష్ట్రమున మఱియొక యువకుడు తలకు తగిలిన దెబ్బచే మరణింపగా, అతని భార్య కోరిన పరిహారమును 1957లో అదే న్యాయస్థానము నిరాకరించెను. ఈ నడుమ ఎన్.సి.ఏ.ఏ. వారు ‘విద్యార్థిక్రీడాకారుడు’ అను మాటను కల్పించి, తమ నియమములన్నిటను ప్రవేశపెట్టిరి. 1951 మొదలు సుమారు నాలుగు దశాబ్దములు ఆ సంఘమును నడిపిన వాల్టర్ బయర్సు, 1995లో ప్రచురించిన తన గ్రంథమున, ఆటగాండ్రను ఉద్యోగులుగా ఎంచుదురేమోయను భయమే ఆ పదసృష్టికి మూలమని చెప్పియున్నాడు. ఈ మాట అప్పటికి సంఘమును కాపాడెను. ముందు ముందు అదియే దానికి బంధనమైన విధము పాఠకులు గమనింతురుగాక.

అనంతరము దూరదర్శనము వచ్చి సొమ్ము వెల్లువయ్యెను. ఏ కళాశాల ఆట ఎన్నిమారులు ప్రసారము కావలెనో ఎన్.సి.ఏ.ఏ. యే నిర్ణయించుచుండగా, ఓక్లహోమా, జార్జియా విశ్వవిద్యాలయములు వ్యాజ్యము వేసినవి. వర్తకులు కూడబలుకుకొని పోటీని అణచరాదను షెర్మను శాసనము 1890 నాటిది. 1984లో సుప్రీముకోర్టువారు 7-2 ఆధిక్యముతో, ఎన్.సి.ఏ.ఏ. ప్రసారనియమము ఆ శాసనమునకు విరుద్ధమని తీర్పిచ్చిరి. కాని ఆ తీర్పునందే న్యాయమూర్తి స్టీవెన్సు నిర్ధనక్రీడాసంప్రదాయమును గౌరవించుచు కొన్ని వాక్యములు వ్రాసెను. విచారణీయాంశమున కవి అవసరమైనవి కావు. ఐనను, ఓడిన సంఘము ఆ వాక్యములనే డాలుగా ధరించి, ఆటగాండ్రు వేసిన వ్యాజ్యములను చిరకాలము ఎదుర్కొనెను. కళాశాలలకు స్వేచ్ఛ లభించెను. శిక్షకుల జీతములు కోట్లకెక్కెను. ఆటగానికి మాత్రము 1956 నాటి హద్దే మిగిలెను.

ప్రకటనల ప్రతిఫలమును గూర్చిన పోరాటమున జెరెమీ బ్లూముది ముఖ్యమైన ఘట్టము. ఇతడు 2002 సాల్టులేకు ఒలింపిక్సున మంచుపై జాఱుడు పందెములలో పాల్గొన్నవాడు. కొలరాడో విశ్వవిద్యాలయమున ఫుట్‌బాలు ఆటగాడు. ఒక ఆటలో వేతనము పుచ్చుకొన్నవాడు మఱియొక ఆటలో విద్యార్థిగా ఆడుటకు సంఘనియమములు అనుమతించుచుండెను. ప్రకటనలకు పేరిచ్చి ధనమార్జించుటకు అనుమతింపలేదు. మంచుపందెముల క్రీడాకారులకు సాధనవ్యయము గడచునది ప్రకటనలవలననే యని అతడు మొఱపెట్టుకొనెను. 2004లో కొలరాడో అప్పీలు న్యాయస్థానము, సంఘనియమములను ప్రశ్నించు హక్కు అతనికి కలదని ఒప్పుకొనియు, నియమమును సమర్థించుచు అతని కోరికను త్రోసిపుచ్చెను. అతడు ప్రకటనలను ఎన్నుకొని కళాశాల ఫుట్‌బాలును వదలుకొనెను.

పిమ్మట ఎడ్ ఒబానను వచ్చెను. లాస్ ఏంజెల్సునందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు 1995లో బాస్కెట్‌బాలు విజయము సంపాదించిన ఇతడు, సంవత్సరములు గడచిన పిదప ఒక వీడియో ఆటలో తన రూపమును తానే చూచుకొనెను. అతని పేరు లేదు; కాని అతని దేహచ్ఛాయ, ఎడమచేతివాటము, అంకె అన్నియు కలవు. ఆ ఆట విక్రయమువలన సంఘమునకును, కంపెనీకిని ధనము వచ్చుచున్నది. రూపమెవరిదో అతనికి చిల్లిగవ్వయు లేదు. 2009లో అతడు వ్యాజ్యము వేసెను. 2014లో న్యాయాధిపతి క్లాడియా విల్కెను అతని పక్షమున తీర్పు చెప్పి, ఒక్కొక్క ఆటగానికి సంవత్సరమునకు 5,000 డాలర్ల వఱకు నిధిగా దాచవచ్చునని యనెను. 2015లో పై న్యాయస్థానము తీర్పును చాలవఱకు నిలిపియు, ఆ 5,000 డాలర్ల భాగమును కొట్టివేసెను. కోట గోడకు తొలి బీటయిది.

తరువాతి దెబ్బలు రెండు దిక్కులనుండి పడినవి. 2019 సెప్టెంబరు 30న కాలిఫోర్నియా రాష్ట్రము, తన విద్యార్థులు తమ పేరు, రూపము, పోలిక అను మూడింటిపై ధనమార్జింపవచ్చునని శాసనముచేసెను; ఇతర రాష్ట్రములు అనుసరించినవి. 2021 జూను 21న ఆల్‌స్టను వ్యాజ్యమున సుప్రీముకోర్టు న్యాయమూర్తులు తొమ్మండ్రును ఏకాభిప్రాయముతో, చదువునకు సంబంధించిన ప్రతిఫలములపై సంఘము విధించిన హద్దు చెల్లదనిరి. 1984 నాటి వాక్యములు ఆటగాండ్ర వేతనవిషయమున కట్టుబాటు కావనిరి. తక్కిన వర్తకమున ఎచటను చెల్లని పద్ధతి ఈ యొక్కచోట ఎట్లు చెల్లునని న్యాయమూర్తి కావనా ప్రత్యేకముగా వ్రాసెను. పది దినములలో, 2021 జులై 1న, ఎన్.సి.ఏ.ఏ. తన నిషేధమును సడలించెను. శతాబ్దముపైబడిన కట్టుబాటు ఆ పది దినములలో మాసెను.

ఇచటితో కథ ముగిసినదని తలచుట పొరపాటు. ప్రకటనల పేరిట సంపన్నాభిమానులు నిధులు కూర్చి, ఆటగాండ్రను కళాశాలనుండి కళాశాలకు ఆకర్షింపసాగిరి. సంఘము అడ్డుపడగా, టెన్నెసీ, వర్జీనియా రాష్ట్రముల ప్రభుత్వన్యాయవాదులు కోర్టుకెక్కి 2024 ఫిబ్రవరిలో ఆ నియమమును నిలుపుచేయించిరి. గ్రాంట్ హౌసు అను ఈతగాడు ముఖ్యవాదిగా 2020లో వేసిన వ్యాజ్యము 2025 జూను 6న రాజీగా పరిణమించెను. పూర్వపు ఆటగాండ్రకు పదేండ్లలో సుమారు 280 కోట్ల డాలర్లు చెల్లింపవలెను; 2025-26లో ఒక్కొక్క కళాశాల తన ఆదాయమునుండి ఆటగాండ్రకు సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వఱకు నేరుగా పంచవచ్చును. కాని 600 డాలర్లకు మించిన ప్రతి ప్రకటన ఒప్పందమును పరిశీలనకు సమర్పింపవలెను. అందుకై పెద్ద క్రీడామండలులు క్రొత్త సంస్థను నెలకొల్పినవి. అధికారము ఒక చేతినుండి జాఱి మఱియొక చేత పడినదన్నమాట.

పంపకమున స్త్రీలకు తగిన భాగము రాలేదనియు, విద్యలో లింగభేదమును నిషేధించు 1972 నాటి శాసనమునకు ఇది విరుద్ధమనియు కొందఱు క్రీడాకారిణులు 2025లో అప్పీలు చేసిరి. విద్యార్థివీసాపై వచ్చిన పరదేశీయులకు ఉద్యోగనిబంధనల కారణమున ఈ యార్జన ప్రమాదకరమైనది. మన తెలుగు కుటుంబముల పిల్లలు వేలకొలది ఆ వీసాపైననే అక్కడ చదువుచున్నారు గనుక, వారిలో క్రీడాకారులగువారి తలిదండ్రులు ఈ సంగతిని తెలిసియుండుట మేలు.

ఇక అసలు ముడి యేది? అమెరికాలో వృత్తిక్రీడల సంస్థలును జీతములకు హద్దు విధించుచున్నవి. వానిని కోర్టులు కూల్చుట లేదు. ఏలనన ఆ హద్దు ఆటగాండ్ర కార్మికసంఘముతో బేరమాడి కుదుర్చుకొన్నది. అట్టి ఒప్పందమునకు చట్టము రక్షణనిచ్చుచున్నది. కళాశాలల నియమమునకు ఆ రక్షణ లేదు. ఆటగాడు ఉద్యోగి కాడు. కావున అతనికి సంఘము లేదు. సంఘము లేదు గనుక అతని సమ్మతియు లేదు. పరిహారమును తప్పించుకొనుటకు 1950 ప్రాంతమున కల్పించిన మాటయే, ఎన్.సి.ఏ.ఏ. నియమములను ఒకదాని వెంట నొకటి కోర్టుమెట్ల మీద నిరాయుధముగా నిలిపినది. 2024 మార్చిలో డార్ట్‌మతు కళాశాల బాస్కెట్‌బాలు జట్టు 13-2 ఓట్లతో కార్మికసంఘముగా నేర్పడుటకు నిశ్చయించెను, కళాశాల అంగీకరింపలేదు, ఆ సంవత్సరాంతమున ఆ విజ్ఞాపనను ఉపసంహరించుకొనిరి. అదే యేడు జులైలో ఒక అప్పీలు న్యాయస్థానము, అమెచ్యూరను పేరు చూపినంతమాత్రాన ఆటగాండ్రు ఉద్యోగులు కారనుటకు వీలులేదని చెప్పెను. 1953లో డెన్వరు విద్యార్థి యడిగిన ప్రశ్నయే డెబ్బదియేండ్లకు తిరిగి వాకిట నిలిచినది.

పిల్లల ప్రాణములను కాపాడుటకు పుట్టిన సంఘము వారి పేర్లకు యజమానియైన క్రమమిది. దానిని నడిపినవారు దుర్మార్గులని చరిత్ర చెప్పుట లేదు. చదువునకు సంతచొఱవ కలుగరాదని తలచినవారు వారిలో పలువురుండిరి. ఐనను ఎవరి కొఱకు నియమము ఏర్పడినదో వారిని అడుగకయే నూఱేండ్లు నడచిన నియమమును, అన్యులు వచ్చి కూల్చిరి. నేడైనను ఆటగాండ్రకు సభలో పీట వేసి, వారితో కూర్చుండి హద్దులు నిర్ణయించుకొన్ననాడు ఆ హద్దులు నిలుచును. అంతవఱకును కళాశాలల మైదానములలో గెలుపోటములు న్యాయస్థానములలోనే తేలుచుండును.