వజ్రాలమ్మ రేవు

ఒరిగిన గోపురం అనగానే మనకి ఇటలీలోని పీసాయే గుర్తొస్తుంది. చిన్నప్పటి పాఠ్యపుస్తకాల్లో బొమ్మ చూసి ఉన్నాం కదా! కానీ అంతదూరం పోనక్కర్లేదు. మలేషియాలో, పేరాక్ రాష్ట్రంలో, తెలుక్ ఇంతాన్ అనే ఊళ్ళోనూ అలాంటిదొకటి ఉంది. ఊరు మరీ పెద్దదేం కాదు. హిలిర్ పేరాక్ జిల్లాకి ముఖ్యపట్నం. కచేరీలు, బజారు, బడులు, పక్కనే ఏరు - మన జిల్లా ఊళ్ళ వాలకమే అనుకోండి.

ఆ గోపురాన్ని 1885లో లియాంగ్ చూన్ చాంగ్ అనే చైనా కంట్రాక్టరు కట్టించాడు. ఎత్తు ఇరవై అయిదున్నర మీటర్లు. బయట నిలబడి లెక్కపెడితే ఎనిమిది అంతస్తులు, లోపలికి వెళ్తే మూడే! గుడి కాబోలు అనుకుంటారేమో, కాదు. నీళ్ళ ట్యాంకు. ఎండాకాలంలో ఊరికి తాగునీరు అందించడానికీ, కొంపలంటుకుంటే ఆర్పడానికీ అందులో నీళ్ళు నింపి ఉంచేవారు. పైన లండన్ నుంచి తెప్పించిన గడియారం. నేల మెత్తన, నీళ్ళు బరువు. కట్టిన కొన్నేళ్ళకే ఒరగడం మొదలుపెట్టింది. చంకన నిండుబిందె పెట్టుకున్న మనిషి ఓ పక్కకి ఒరగదూ మరి?

అందరూ దాని ముందు ఫోటో తీయించుకుని వచ్చేస్తారు. నన్ను పట్టుకున్నది మాత్రం గోపురం కాదు, ఊరి పేరు. పూర్వం దాన్ని తెలుక్ మాక్ ఇంతాన్ అనేవారు. తెలుక్ అంటే ఏటి మలుపు, రేవు. పేరాక్ నది అక్కడ బాగా మెలిక తిరుగుతుంది. ఇంతాన్ అంటే వజ్రం. మాక్ అంటే అమ్మ. మాక్ ఇంతాన్ అనే మండైలింగ్ జాతి వ్యాపారస్థురాలి పేరుమీద ఆ ఊరు వెలిసిందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. మనం పిలిస్తే వజ్రాలమ్మ రేవు అనాలి. ఒక ఆడమనిషి ఏట్లో పడవలు నడుపుకుని వ్యాపారం చేసి, ఊరికి పేరైందంటే సామాన్యమా? నవలలు రాసేదాన్ని కదా, ఆవిడకి ఓ మొగుడినీ నలుగురు పిల్లలనీ కల్పించేసి సీరియల్ మొదలెట్టాలని చెయ్యి దురద పెడుతుంది. చరిత్ర పేరుతో కట్టుకథ అంటగట్టకూడదని ఊరుకుంటున్నాను.

1882లో తెల్లదొరలు ఆ పేరు తీసేసి, పినాంగులో లెఫ్టినెంట్ గవర్నరుగా చేసిన ఆన్సన్ దొర పేరు పెట్టారు. తెలుక్ ఆన్సన్ అయింది. కింతా లోయలో తవ్విన తగరం ఈ రేవునుంచే ఓడలెక్కేది. 1893లో తాపా రోడ్ నుంచి రైలు కూడా వేశారు. చైనావాళ్ళ కొట్లు, తాకట్టు దుకాణాలు, తమిళ చెట్టియార్ల వడ్డీ వ్యాపారాలు - ఊరు కళకళలాడింది. మళ్ళీ సరిగ్గా నూరేళ్ళకి, 1982లో పేరు తెలుక్ ఇంతాన్‌గా మార్చారు. వజ్రం తిరిగొచ్చింది, అమ్మ రాలేదు. ఆ రెండక్షరాలు ఎందుకు బరువయ్యాయో!

ఈ గొడవంతా మనకెందుకంటారా? అక్కణ్ణించి నది వెంట సముద్రం దాకా వెళ్తే బాగన్ దాతుక్. అంతా కొబ్బరి తోటలు. ఆ తోటల్లో మన తెలుగువాళ్ళూ పనిచేశారు. విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాలనుంచి 'రంగం' పోయినవాళ్ళ కథలు మనింట్లో అమ్మమ్మలు చెప్పగా విన్నాం. మలయా పోయినవాళ్ళ సంగతి విన్నది తక్కువ. కంగాణి అనేవాడు ఊళ్ళకి వచ్చి, తోటలో పని, ఉండడానికి ఇల్లు అంటూ ఆశపెట్టి, తలకింత అని దొరదగ్గర పుచ్చుకుని మనుషుల్ని తీసుకుపోయేవాడు. 1938లో మన దేశ ప్రభుత్వం ఆ పద్ధతికి అడ్డుకట్ట వేసేదాకా ఇదే తంతు. 1926లో తయారైన 'రజులా' అనే ఓడ 1973 దాకా మద్రాసుకీ పినాంగుకీ మధ్య తిరుగుతూనే ఉంది.

ఆడవాళ్ళూ ఊరికే వెంట వెళ్ళలేదు. పొద్దున్నే పనిలోకి దిగేవారు. 1928లో మలయా తోటల్లో భారతీయ కూలీలకి రోజుకూలి ఇంత అని కట్టినప్పుడు ముఖ్యమైన ప్రాంతాల్లో మగవాడికి 50 సెంట్లు, ఆడదానికి 40. పై పది సెంట్లు దేనికో ఏ దొరా చెప్పినట్టు లేదు. పని దిగాక వంటా, పిల్లలూ ఎలాగూ ఆవిడవే. మగవాడి కూలిలో కొంత తోటలోని కల్లుపాకకే పోయేది. ఆ కల్లుపాకకి అనుమతి ఇచ్చిందీ సర్కారే! మిగిలిన నాలుగు డబ్బులూ ఆవిడ కొంగున ముడేస్తే పిల్లల బట్టలూ, పండగా గడవాలి.

1942లో జపానువాళ్ళు వచ్చారు. గోపురం ఎక్కి కాపలా చూసుకున్నారు. తోటల్లోంచి వేలమంది మగవాళ్ళని సయాం-బర్మా రైలుమార్గం వెయ్యడానికి పట్టుకుపోయారు. ఎంతోమంది తిరిగి రాలేదు. తోటల్లో మిగిలినవాళ్ళు తిండికి కర్రపెండలం నాటుకున్నారు. జపానువాళ్ళు అచ్చేసిన పది డాలర్ల నోటుమీద అరటిగెల బొమ్మ ఉండేదని దాన్ని 'అరటి డబ్బు' అనేవారు. 1945లో ఇంగ్లీషువాళ్ళు తిరిగి రాగానే అది చిత్తుకాగితమైపోయింది. పెట్టె నిండా ఆ నోట్లు దాచుకున్న ఇంటికంటే, మెళ్ళో కాసు బంగారం మిగుల్చుకున్న ఇల్లే నయం. ఆడవాళ్ళ నగల పిచ్చిని ఎగతాళి చేసేవాళ్ళకి ఈ సంగతి ఒకసారి చెప్పి చూడండి.

ఇక బడులు. 1923 నాటి కార్మిక చట్టం ప్రకారం, ఒక జాతి పిల్లలు పదిమంది ఉంటే ఆ తోటలో బడి పెట్టాలి. అలా బాగన్ దాతుక్ వైపు తెలుగు బడులూ వెలిశాయి. పంతులుగారంటే చాలాచోట్ల కంగాణో, గుమాస్తానో. అయినా అ, ఆలు వచ్చాయి. తరవాత పెద్ద తోటల్ని ముక్కలు చేసి అమ్మారు, కూలీల ఇళ్ళు పోయాయి, జనం పట్నాలు పట్టారు. ఒక్కొక్క బడీ మూతపడింది. తమిళులకి ఇప్పటికీ సర్కారు బడులున్నాయి. తెలుగుకి అవి లేవు. తెలుగు సంఘంవాళ్ళు పిల్లలకి తరగతులు పెడుతున్నారు, ఉగాది చేస్తున్నారు. రామ మందిరాల్లో భజనలు సాగుతున్నాయి. వాటిని కనిపెట్టుకుని ఉన్నవాళ్ళలో ఆడవాళ్ళు తక్కువేం కాదు.

తెలుక్ ఇంతాన్‌లో ఇప్పుడు రైలు లేదు, ఆ లైను ఎత్తేశారు. తగరం ఓడలూ లేవు. బియ్యప్పిండితో పల్చగా ఆవిరిమీద ఉడికించి, లోపల ఎండురొయ్యలు పెట్టి చుట్టే 'చీ చోంగ్ ఫన్' అనే పలహారానికి మాత్రం ఊరు పేరు మోగిపోతోంది. దూరాలనుంచి వచ్చి పొట్లాలు కట్టించుకుపోతారు. రొయ్యలు తియ్యమని అడిగితే తీసిపెడతారో లేదో గానీ, ఆ చుట్ట చూడ్డానికి అచ్చం మన బియ్యప్పిండి ఆవిరి అప్పడమే.