ఒకే తీగ మీద పన్నెండు పెట్టెలు

మా కనిగిరి ప్రాంతంలో నీళ్ళన్నీ ఒక రకం కాదు. బోరు నీళ్ళు వాడుకకు, కొని తెచ్చుకున్న నీళ్ళు తాగడానికి, వాన పడితే మిద్దె మీది నీళ్ళు మరొక తొట్టిలోకి. భూగర్భ జలంలోని ఫ్లోరైడు మాకు నేర్పిన పొదుపు ఇది. ఏ తొట్టిలో ఎంత నీరున్నదో నిచ్చెన ఎక్కకుండా తెలుసుకోవాలన్న బద్ధకం నన్నొక చిన్న సర్క్యూట్ బోర్డు తయారీలోకి దింపింది. ఆ పనిలో నేను చేసిన ఒక పొరపాటు నన్ను చరిత్రలోకి తీసుకుపోయింది. ఆ సంగతి మిత్రులతో పంచుకోవడానికే ఈ టపా.

తొట్టికొక మైక్రోకంట్రోలర్, ఇంట్లో మరొకటి. ఒక్కొక్కదానికీ వేరే తీగ లాగితే ఇల్లు సాలెగూడవుతుంది. అన్నిటినీ ఒకే జత తీగలకు తగిలించే పద్ధతి ఒకటుంది; దానిని బస్సు అంటారు. మనం ఎక్కే బస్సు పేరూ దీని పేరూ 'ఆమ్నిబస్' అనే ఒకే లాటిన్ మాట నుండి వచ్చినవే. 'అందరి కొరకు' అని దాని అర్థం. 1983లో ప్రమాణంగా వెలువడిన ఆర్.ఎస్.-485 పద్ధతిలో, మెలిపెట్టిన రెండు తీగల మీద సుమారు 1200 మీటర్ల దాకా 32 పరికరాలను కలపవచ్చు. రెండు తీగల మధ్యనున్న వోల్టేజి తేడాయే ఇక్కడ సంకేతం. దారిలో ఏ మోటారు రొదో సోకినా అది రెండు తీగల మీదా ఇంచుమించు సమానంగా పడుతుంది కనుక తేడా చెడదు. 1980లో ఇంటెల్ సంస్థ తెచ్చిన 8051 చిప్పులోనే ఇటువంటి సామూహిక సంభాషణకు ఏర్పాటున్నది. ఎనిమిది బిట్ల వెంట తొమ్మిదవది ఒకటి పంపి, వచ్చినది చిరునామాయా, సమాచారమా అన్నది తేల్చుకోవచ్చును.

హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీలో కొన్న చిప్పులతో, రాగిపూత పలక మీద గీతలు గీసి, ఫెర్రిక్ క్లోరైడులో ముంచి, నాలుగు బోర్డులు సిద్ధం చేశాను. ప్రతి బోర్డు మీదా నాలుగు బుల్లి స్విచ్చుల వరుస ఉంటుంది. ఆ బోర్డు సంఖ్య ఏదో అవే చెబుతాయి. ఇంట్లోని బోర్డు ఒక సంఖ్యను పిలుస్తుంది. ఆ సంఖ్య గలది మాత్రమే పలకాలి, తక్కినవి మౌనం వహించాలి. అదొక్కటే నియమం.

మొదటి రోజు ఒక సంఖ్యను పిలిస్తే అర్థంలేని అంకెలు వచ్చాయి, మరొక సంఖ్యను పిలిస్తే ఎవరూ పలకలేదు. అతుకులు మళ్ళీ కరిగించి చూశాను. తీగ రెండు కొసల్లోని 120 ఓముల నిరోధకాలను మార్చాను. రెండు రాత్రులు గడిచాక తెలిసింది, రెండు బోర్డులకూ ఒకే సంఖ్య పెట్టానని! రెండూ ఒక్కసారే పలికి, ఒకదాని మాటను మరొకటి చెరిపివేస్తున్నాయి.

ఆ స్విచ్చును సరిచేస్తుండగా పోలింగు కేంద్రంలో చూసిన బ్యాలెట్ యూనిట్ గుర్తుకు వచ్చింది. దాని పైభాగాన కుడివైపు చిన్న కిటికీలో ఒక అంకె కనబడుతుంది. అభ్యర్థులు ఎక్కువైతే ఒకదాని వెంట ఒకటిగా పెట్టెలు తగిలిస్తారు. వాటిలో ఇది ఎన్నవదో ఆ అంకె చెబుతుంది. లోపలి సంకేతాల తీరు నా బోర్డుది వేరు, దానిది వేరు. కానీ సూత్రం ఒకటే: ప్రతి పెట్టెకూ తనదైన సంఖ్య ఉండాలి, లేకుంటే లెక్క తేలదు.

ఆ యంత్రం చరిత్రలో మన హైదరాబాదుకు పెద్ద పాత్రే ఉన్నది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లుకు చెందిన అయ్యగారి సాంబశివరావు గారి సారథ్యంలో 1967లో అక్కడ ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (ఇ.సి.ఐ.ఎల్.) వెలిసింది. ఓటింగు యంత్రాన్ని రూపొందించే పనిని ఎన్నికల సంఘం 1977లో ఈ సంస్థకు అప్పగించింది. 1979లో నమూనా తయారైంది. 1980 ఆగస్టు 6న దానిని పార్టీల ప్రతినిధుల ముందు ప్రదర్శించారు. 1982 మే నెలలో కేరళలోని పరవూరులో 50 పోలింగు కేంద్రాలలో తొలిసారి వాడారు. చట్టంలో ఆధారం లేదని సుప్రీంకోర్టు 1984లో ఆ పోలింగును కొట్టివేసింది. 1988 డిసెంబరులో చట్టాన్ని సవరించారు. 2004 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశమంతటా ఈ యంత్రాలే. ఒక్కొక్క బ్యాలెట్ యూనిట్‌కు 16 మీటలు, వరుసగా నాలుగు యూనిట్లు. అంటే 64 పేర్లకు మించి ఆ యంత్రంలో చోటు లేదు.

ఈ 64 అన్న సంఖ్య దగ్గర నా మనసు నల్గొండకు పోయింది. యంత్రాలు ఇంకా రాని 1996 లోక్‌సభ ఎన్నికలలో అక్కడ 480 మంది పోటీలో నిలిచారు. గెలుపు వారి లక్ష్యం కాదు. ఫ్లోరైడు నీటితో వంగిపోయిన ఎముకల గోడు ఢిల్లీకి వినబడాలని, జల సాధన సమితి ఆధ్వర్యంలో బాధితులూ రైతులూ మూకుమ్మడిగా నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. ఆ ఏడాదే లోక్‌సభ అభ్యర్థి ధరావతును 500 రూపాయల నుండి 10,000కు పెంచారు. ఈ కథ కనిగిరివాడికి పరాయిది కాదు. ఎముకలను కుంగదీసే ఈ వ్యాధిని మన దేశంలో వైద్యులు తొలిసారిగా 1937లో వివరించినది నెల్లూరు జిల్లాలోనే. అప్పటికి కనిగిరి నెల్లూరు జిల్లాలోదే. 1970లో కొత్త జిల్లా ఏర్పడేదాకా అంతే.

మళ్ళీ 2019లో అదే దారిని నిజామాబాదు రైతులు పట్టారు. పసుపు బోర్డు కావాలని, పసుపుకూ ఎర్రజొన్నకూ గిట్టుబాటు ధర కావాలని 178 మంది రైతులు బరిలో దిగారు. మొత్తం అభ్యర్థులు 185 మంది. తొలుత బ్యాలెట్ పత్రాలు తప్పవన్న మాట వినవచ్చింది. చివరకు 24 యూనిట్లను కలపగల ఎం3 నమూనా యంత్రాలను తెప్పించారు. 'నోటా'తో కలిపి 186 మీటలు కావాలి, అంటే 12 యూనిట్లు. ఏప్రిల్ 11న ప్రతి పోలింగు కేంద్రంలోనూ పన్నెండు పెట్టెలు ఒకదానికొకటి తగులుకొని, ఒకే కంట్రోల్ యూనిట్‌కు జవాబు చెప్పాయి. ఓటరు తన అభ్యర్థి ఏ పెట్టెలో ఉన్నాడో వెదుక్కుంటూ నడవాలి. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న నిజామాబాదు కేంద్రంగా ప్రారంభమైంది.

ఇప్పుడొక చిన్న లెక్క. 24 యూనిట్లు, ఒక్కొక్కదానికి 16 మీటలు, వెరసి 384. నల్గొండ 480 మందికి నోటాను కలిపితే 481. నిజామాబాదుకు చాలిన యంత్రం 1996 నాటి నల్గొండకు చాలదు. 97 మీటలు తక్కువ. అంతమంది మళ్ళీ నిలబడితే మళ్ళీ కాగితమే గతి.

బస్సు అంటే అందరి కొరకు అని పైన వ్రాశాను. అయితే ఆ అందరూ ఎందరన్నది తీగ నిర్ణయించేది కాదు. బోర్డు గీసేవాడు చిరునామాకు ఎన్ని స్విచ్చులు పెట్టాడన్నదానిని బట్టే తేలుతుంది. అతడు బల్ల దగ్గర కూర్చొని, ఇన్ని చాలులే అనుకున్న క్షణంలోనే, ఎప్పుడో రాబోయే ఒక పల్లె గోడుకు చోటుందో లేదో ఖాయమైపోతుంది. పెట్టెల తయారీదారును నేను తప్పుపట్టడం లేదు. 64 పేర్లు చాలవని అనుకోవడానికి అప్పట్లో ఎవరికైనా కారణం ఉండాలి కదా. ఆ కారణాన్ని చూపించినది మాత్రం ఇంజనీర్లు కాదు. నీళ్ళకోసం నిలబడిన నల్గొండవాళ్ళు, పసుపు పండించే నిజామాబాదువాళ్ళు.

మా ఇంట్లో తొట్టెలు మూడే. నాలుగు స్విచ్చులతో పదహారు సంఖ్యలు వస్తాయి, అదే ఎక్కువ. అయినా రెండవసారి బోర్డు గీసినప్పుడు ఎనిమిది స్విచ్చులు పెట్టాను. పక్కింటివాళ్ళు తమ తొట్టిని కూడా తగిలించమని అప్పటికే అడిగి ఉన్నారు.