శాక్సఫోన్ పలికిన ప్రార్థన

అమెరికాలోని నల్లజాతి ప్రజల జీవితంలోంచి పుట్టిన జాజ్‌కు ప్రాణం మనోధర్మం. తెలిసిన బాణీనే ఆధారం చేసుకొని వాద్యకారుడు అప్పటికప్పుడు అల్లే స్వరకల్పన అది. ఆ స్వరకల్పనను ఉపాసనగా మలచుకున్నవారిలో అగ్రగణ్యుడు శాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ (1926-1967). ఆయన ఉత్తర కరోలినాలో పుట్టాడు; తాతలిద్దరూ చర్చి బోధకులే. హెరాయిన్ వ్యసనం కారణంగా 1957లో ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ బృందంలో స్థానం పోగొట్టుకున్న కోల్ట్రేన్ అదే ఏడాది ఆ వ్యసనాన్ని వదిలించుకున్నాడు. అది దైవానుగ్రహమని నమ్మి, తన సంగీతంతో ఇతరులకు ఆనందం పంచే శక్తిని ప్రసాదించమని వేడుకున్నాడు.

ఆ తరువాత ఆయన చేసిన సాధన అసాధారణమైనది. కలిసి మోగే కొన్ని స్వరాల సముదాయాన్ని పాశ్చాత్య సంగీతంలో కార్డ్ అంటారు. 1959లో రికార్డు చేసిన ‘జెయింట్ స్టెప్స్’లో ఈ కార్డ్‌లు ఎంత వేగంగా మారతాయంటే, వాటి వెంట పరుగెత్తడమే వాద్యకారుడికి పరీక్ష అవుతుంది. అయితే అదే ఏడాది డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’లో ఆయన అందుకు భిన్నమైన దారిలోనూ నడిచాడు. ఒకే స్వరశ్రేణిపై చాలాసేపు నిలిచి వాయించే ఆ పద్ధతి పేరు మోడల్ జాజ్. గమకాలు, సంచారాల నియమాలు లేవు కనుక దాన్ని రాగమనలేం గానీ, నిలిచి వెతికే తత్త్వం మాత్రం రాగాలాపనకు దగ్గరిదే. రవిశంకర్ సితార్‌ను శ్రద్ధగా విన్న కోల్ట్రేన్ 1961లో ‘ఇండియా’ వాయించినప్పుడు, రెండు బేస్ వాద్యాల మీద తంబురాను తలపించే ఆధారశ్రుతిని నిలిపాడు. ఆ ఏడాదే ‘డౌన్‌బీట్’ పత్రికలో ఒక విమర్శకుడు ఆయన వాయించే తీరును జాజ్‌కే విరుద్ధమన్నాడు. విశ్వంలో తాను ఎరిగిన, అనుభూతి చెందిన అద్భుతాలను శ్రోతకు చూపడమే సంగీతకారుడి పని అన్నది మరుసటి ఏడాది అదే పత్రికలో కోల్ట్రేన్ ఇచ్చిన సమాధానాల సారాంశం.

ఆ మాటకు నిలువెత్తు రుజువు 1964 డిసెంబర్ 9న న్యూజెర్సీలోని వాన్ గెల్డర్ స్టూడియోలో రికార్డయిన ‘ఎ లవ్ సుప్రీమ్’ ఆల్బమ్. మొదటి భాగంలో బేస్ మీద వినిపించే నాలుగు స్వరాల పలుకును శాక్సఫోన్ అందుకొని, ఆధారశ్రుతి మార్చుకుంటూ పన్నెండు శ్రుతులలోనూ పలికిస్తుంది. దైవం అన్ని చోట్లా ఉందని చెప్పడానికి ఇంతకన్నా నిరాడంబరమైన మార్గం ఊహించడం కష్టం. నాలుగో భాగమైన ‘సామ్’లో తాళం నడక ఆగిపోతుంది, డ్రమ్స్ వాద్యకారుడు ఎల్విన్ జోన్స్ టింపనీ భేరీలు లోతుగా ఉరుముతాయి, కోల్ట్రేన్ తాను రాసిన ప్రార్థనా గీతాన్ని గొంతెత్తి పాడకుండానే అక్షరం వెంట అక్షరంగా వాద్యంతో పలికిస్తాడు. ఆ గీతం ఆల్బమ్ అట్ట లోపలే అచ్చయింది కనుక, దాన్ని చేతబట్టుకొని వినే శ్రోతకు ప్రతి పాదం చివరా శాక్సఫోన్ స్వరం దిగి ఆగడం, అదే దైవనామం మళ్లీ మళ్లీ రావడం స్పష్టంగా తెలుస్తాయి.

1965లో పుట్టిన కొడుకుకు ఆయన రవిశంకర్ పేరు మీదుగా రవి అని పేరు పెట్టాడు. మరో రెండేళ్లకు, నలభై ఏళ్ల వయసులో, కాలేయ క్యాన్సర్‌తో కన్నుమూశాడు. పియానో, హార్ప్ విద్వాంసురాలైన భార్య ఆలిస్ కాలక్రమంలో పుట్టపర్తి సత్యసాయిబాబా భక్తురాలై, కాలిఫోర్నియా కొండల్లో సాయి అనంతం ఆశ్రమాన్ని నడిపి, నల్లజాతి చర్చి గానశైలి కలగలిసిన సంస్కృత భజనలను తానే ఆర్గన్ వాయిస్తూ పాడించింది.