స్మార్ట్ హోమ్ కంప్యూటర్‌కు ఏ యాంటీవైరస్ బెటర్? కొనే ముందు ఇవి చూడండి

విజయవాడ: వన్ టౌన్‌లో కింద షాపు, పైన ఇల్లు. సీసీ కెమెరాలు, లైట్లు, డోర్ లాక్ అన్నీ ఒకే కంప్యూటర్‌తో నడుపుతున్నారా? 24 గంటలూ ఆన్‌లో ఉండే ఆ సిస్టమ్‌లో వైరస్ చేరితే పోయేది ఫైల్స్ మాత్రమే కాదు, ఇంటి భద్రత కూడా.

2017 మేలో వన్నాక్రై రాన్సమ్‌వేర్ కృష్ణా, గుంటూరు సహా పలు జిల్లాల్లో పోలీసు కంప్యూటర్లలోకే చొరబడింది. దాన్ని అడ్డుకునే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. అందుకే ముందు విండోస్ అప్‌డేట్, ఆ తర్వాతే యాంటీవైరస్. విండోస్ 10కి సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసిందని గుర్తుంచుకోండి.

ఎలా ఎంచుకోవాలి?

* విండోస్ 11లో డిఫెండర్ ఫ్రీగానే వస్తుంది. ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. చాలా ఇళ్లకు ఇదే సరిపోతుంది.
* వేరేది కావాలంటే ఒక్కటే వేయండి. రెండు కలిసి నడిస్తే సిస్టమ్ స్లో అవుతుంది. క్రాక్ వెర్షన్ల జోలికి అసలు వెళ్లొద్దు.
* ముందు ట్రయల్ వాడండి. స్కాన్ టైమ్‌లో కెమెరా రికార్డింగ్ ఆగుతోందా? అయితే అది మీకు పనికిరాదు.
* ఫైర్‌వాల్ ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్‌ను అడ్డుకుంటే, దానికొక్కదానికే పర్మిషన్ ఇవ్వండి. ఫైర్‌వాల్ మొత్తం ఆపేయొద్దు.
* మొదటి ఏడాది డిస్కౌంట్ కాదు, రెన్యువల్ ధర చూడండి.

కెమెరాల సంగతేంటి?

కెమెరాలో, రౌటర్‌లో మనం యాంటీవైరస్ వేయలేం. 2016లో మిరాయ్ మాల్‌వేర్ కంపెనీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలనే పట్టుకుంది. కాబట్టి ఈరోజే పాస్‌వర్డ్‌లు మార్చేయండి. వైరస్ అనుమానం ఉంటే కేంద్ర ప్రభుత్వ సైబర్ స్వచ్ఛతా కేంద్రలో ఫ్రీ టూల్స్ ఉన్నాయి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయండి.