పెయింట్ కొత్తదే, మరి బెడ్? సెకండ్ హ్యాండ్ లేత్ వెనక 200 ఏళ్ల కథ

పోయిన నెల మా మామ ఫోన్ చేసి, "మొయినాబాద్‌ల ఒక లేత్ మిషన్ అమ్ముతుండ్రట, చూసొద్దాం, వస్తవారా?" అన్నాడు. మామకు చేవెళ్లలో చిన్న వర్క్‌షాప్ ఉంది. బోరు మోటార్ షాఫ్టులు, ట్రాక్టర్ బుష్‌లు చేస్తాడు. మొదటి లేత్ కొన్నప్పుడు మెరిసే పెయింట్ చూసి మోసపోయాడు. ఆ అప్పు తీరడానికి మూడేళ్లు పట్టింది. ఈసారి అత్తమ్మ గాజులు బ్యాంకులో పెట్టి డబ్బు తెచ్చాడు. అంటే ఇంకోసారి తప్పు జరగకూడదు.

నాకేమో లేత్ గురించి తెలిసింది బీటెక్ ఫస్టియర్ వర్క్‌షాప్ ల్యాబ్ వరకే. అందుకే వెళ్లే ముందు హిస్టరీ చదివా. అదే పనికొచ్చింది.

ఒకప్పుడు టర్నర్లు ఎక్కువగా టూల్‌ను చేత్తో పట్టుకుని కోసేవాళ్లు. 1800 ప్రాంతంలో లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే టూల్‌ను క్యారేజ్‌కు బిగించి, లీడ్ స్క్రూతో బెడ్ మీద నడిపించాడు. అప్పట్నుంచి జాబ్ కరెక్ట్‌గా రావాలంటే చెయ్యి ఒక్కటే చాలదు, బెడ్ కూడా కరెక్ట్‌గా ఉండాలి. ఆయన షాపులో పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ 1840లో ఆ సమతలం ఎలా సాధించాలో వివరించాడు. రెండు ప్లేట్లు రుద్దితే ఒకటి ఉబ్బి, ఇంకోటి గుంటపడి కూడా జత కుదరొచ్చు. మూడు ప్లేట్లను మార్చి మార్చి జతచేసి, ఎత్తులు గీకేస్తే మాత్రం మూడూ చదునవ్వాల్సిందే. సింపుల్, కానీ సూపర్ లాజిక్!

మరి ఈ కథ మన దగ్గరికి ఎప్పుడొచ్చింది? 1943లో సికింద్రాబాద్‌లో ప్రాగా టూల్స్ మొదలైంది. 1953లో బెంగళూరులో హెచ్ఎంటీ పుట్టింది. హెచ్ఎంటీ అనగానే మనకు తాత చేతి గడియారం గుర్తొస్తుంది కదా? కానీ గడియారాల కంటే ముందే, స్విట్జర్లాండ్‌కు చెందిన ఓర్లికాన్ కంపెనీ సాయంతో అది హెచ్-22 అనే లేత్ చేసింది. 1960ల్లో హైదరాబాద్‌లోనూ యూనిట్ పెట్టింది. 1988లో ప్రాగా కూడా హెచ్ఎంటీ కిందికి వచ్చింది. ఆ తరం మిషన్లు కొన్ని ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి.

సరే, మొయినాబాద్ షెడ్డులోకి వెళ్దాం. పచ్చ పెయింట్ నిన్ననే వేసినట్టుంది. మామ దాని వైపు చూడనేలేదు. "పెయింట్ గాదురా, బెడ్ జూడు" అన్నాడు.

చాలా జాబ్‌లు పొట్టివి. అందుకే క్యారేజ్ చక్ దగ్గరే అటూ ఇటూ తిరుగుతుంది. ఇనుప రజను కింద పడి గీస్తూ ఉంటుంది. కాబట్టి బెడ్ అక్కడే ఎక్కువ అరుగుతుంది. మామ చక్ దగ్గర క్యారేజ్ లాక్ కొద్దిగా బిగించి, టెయిల్‌స్టాక్ వైపు తిప్పాడు. సగం దూరం పోయాక పట్టేసింది. అక్కడ బెడ్ అరగలేదు, చక్ దగ్గర అరిగింది అన్నమాట. నా గుండె జారింది.

మామ మాత్రం తొందరపడలేదు. ఎందుకంటే అరుగుదల ఎటువైపు అన్నది ముఖ్యం. 50 మిల్లీమీటర్ల జాబ్ మీద టూల్ 0.1 మిల్లీమీటర్ కిందికి దిగితే వ్యాసంలో 0.001 తేడా కూడా రాదు. అదే 0.1 పక్కకు జరిగితే వ్యాసంలో 0.2 తేడా వస్తుంది! అది కంటికి తెలియదు, కోసి చూడాలి. టెయిల్‌స్టాక్ సపోర్ట్ లేకుండా ఒక లావు రాడ్ చక్‌లో బిగించి, ఒకే సెట్టింగ్‌లో రెండు చోట్ల సన్నగా కోత వేసి, మైక్రోమీటర్‌తో కొలిచాడు. 150 మిల్లీమీటర్ల దూరానికి తేడా 0.03.

"పొడుగు షాఫ్ట్‌కు పాత మిషన్ నయం. నా బుష్‌లు మూడించులే, వాటికి ఇది సాలు" అన్నాడు. తర్వాత చక్ కింద కర్ర పెట్టి లేపి స్పిండిల్ బేరింగ్‌లో ప్లే చూశాడు, లేదు. ఆ కొలతలే చూపించి బేరమాడాడు. అమ్మే పెద్దాయన కాదనలేక రేటు తగ్గించాడు. మిగిలిన డబ్బుతో అత్తమ్మ గాజులు రెండు వెంటనే ఇంటికొచ్చాయి.

నాకు అర్థమైంది ఇదీ ఫ్రెండ్స్. అరగని పాత లేత్ దొరకడం కష్టం. ఎక్కడ అరిగింది, ఎంత అరిగింది, మన పనికి అది అడ్డా కాదా, ఈ మూడూ తెలిస్తే పెయింట్ మనల్ని మోసం చెయ్యలేదు. మీ ఊళ్లో పాత లేత్ ఉంటే ఈసారి దాని చక్ దగ్గర బెడ్ మీద ఒకసారి వేలు పెట్టి చూడండి. మిషన్ ఆపాకే సుమా! నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.