డేటాబేసు సర్వరు ప్రారంభంలో అనుమతుల లోపం

ఇంట్లో వాడే నెట్‌వర్కు నిల్వ పరికరంలో మైఎస్‌క్యూఎల్, మరియాడీబీ వంటి డేటాబేసు సర్వరు తన ఫైళ్ళను చదవలేక, వ్రాయలేక మొదలవకుండా ఆగిపోవడాన్ని అనుమతుల లోపం అంటారు. సాధారణంగా ఈ లోపం వల్ల సమాచారం చెడిపోదు. దానిని తెరిచే హక్కు మాత్రమే సర్వరుకు ఉండదు. ఉదాహరణకు ఆత్రేయపురంలో ఒక పూతరేకుల వ్యాపారి తన ఆర్డర్ల పద్దులను ఇటువంటి పరికరంలో దాచుకున్నాడనుకుందాం. సర్వరు మొదలు కాలేదని కంగారుపడి ఫైళ్ళను తొలగిస్తే, అప్పటిదాకా భద్రంగా ఉన్న పద్దులే పోతాయి.

నేపథ్యం

మైఎస్‌క్యూఎల్ 1995లో విడుదలైంది. దాని రూపకర్తలలో ఒకరైన మైకేల్ విడెనియస్ 2009లో మరియాడీబీని ప్రారంభించాడు. ఇళ్ళలో వాడే నిల్వ పరికరాలు ఎక్కువగా లినక్సుపై పనిచేస్తాయి. లినక్సులో ప్రతి ఫైలుకు ఒక యజమాని, ఒక సమూహం ఉంటాయి. భద్రత కోసం డేటాబేసు సర్వరు సర్వాధికారి అయిన 'రూట్' పేరుతో కాక, సాధారణంగా 'మైఎస్‌క్యూఎల్' అనే ప్రత్యేక వాడుకరి పేరుతో నడుస్తుంది. కాబట్టి డేటా ఫోల్డరు ఆ వాడుకరికి చెంది ఉండాలి.

కారణాలు

* రూట్‌గా ఫైళ్ళను కాపీ చేసినపుడు కొత్త ఫైళ్ళకు రూట్ యజమాని కావడం.
* లినక్సు యజమానిని పేరుతో కాక సంఖ్యతో గుర్తుంచుకుంటుంది. వ్యవస్థను తిరిగి స్థాపించినపుడు ఆ సంఖ్య మారిపోవడం.
* డేటా ఫోల్డరుకు పైనున్న ఫోల్డర్లలోకి ప్రవేశించే అనుమతి లేకపోవడం.
* ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కులో ఫైళ్ళను ఉంచడం. ఈ పద్ధతిలో యజమాని వివరాలు నమోదు కావు.

గుర్తించే విధానం

మొదట సర్వరు లోపాల చిట్టాను చూడాలి. లినక్సులో లోపసంఖ్య 13 ఉంటే అనుమతి నిరాకరించబడిందని అర్థం. 2 అయితే ఫైలు గాని ఫోల్డరు గాని కనబడలేదు. 28 అయితే డిస్కు నిండిపోయింది. ఫైలుకు తాళం వేయలేకపోయానంటూ 11 కనిపిస్తే, చాలావరకు మరొక సర్వరు అప్పటికే నడుస్తున్నదని అర్థం.

పరిష్కారం

# సర్వరును పూర్తిగా ఆపాలి.
# డేటా ఫోల్డరును మరొక డిస్కులోకి కాపీ చేసుకోవాలి.
# 'చౌన్' ఆదేశంతో డేటా ఫోల్డరును, అందులోని ఫైళ్ళన్నిటినీ సర్వరు వాడుకరి పేరుకు మార్చాలి.
# 'సీహెచ్‌మాడ్' ఆదేశంతో డేటా ఫోల్డరుకు 700 అనుమతి ఇవ్వాలి. అంటే యజమానికి మాత్రమే పూర్తి హక్కులుంటాయి.
# పై ఫోల్డర్లలో ప్రవేశ అనుమతిని సరిచూసి, సర్వరును ప్రారంభించి, చిట్టాను మళ్ళీ చదవాలి.

చేయకూడనివి

అందరికీ అన్ని హక్కులూ ఇచ్చే 777 అనుమతి వాడరాదు. దానివల్ల ఆ పరికరంలోని ఏ వాడుకరి అయినా పద్దులను చదవవచ్చు, చెరపవచ్చు. పైగా, అందరూ వ్రాయగలిగే అమరికల ఫైలును మైఎస్‌క్యూఎల్ భద్రత దృష్ట్యా పట్టించుకోదు. సర్వరును రూట్ పేరుతో నడపడం కూడా మంచిది కాదు. 'ఐబీడేటా1' ఫైలును ఎట్టి పరిస్థితిలోనూ తొలగించరాదు. అది లేకపోతే పట్టికలు తెరుచుకోకపోవచ్చు.

సర్వరు సరిగా నడుస్తున్నపుడే 'మైఎస్‌క్యూఎల్‌డంప్' సాధనంతో ప్రతిని తీసి వేరేచోట దాచుకోవడం మేలు. ఆ ప్రతిలో పాత ఫైళ్ళ యాజమాన్య వివరాలు ఉండవు కనుక దానిని మరొక పరికరంలోని సర్వరులోకి సులభంగా ఎక్కించవచ్చు.