బాల (పిల్లల మాసపత్రిక)

బాల మద్రాసు నుంచి 1945 ఆగస్టు మొదలు 1959 దాకా వెలువడిన తెలుగు పిల్లల మాసపత్రిక. స్థాపకులు న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు. ఈ పేర్లు గుర్తుకు రానివాళ్లు సైతం రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అనగానే పోల్చుకుంటారు. పూర్తిగా పిల్లల కోసమే నడిచిన తొలి తెలుగు పత్రిక ఇదేనని చాలామంది రాస్తారు. బడిపిల్లలను దృష్టిలో పెట్టుకున్న పత్రికలు అంతకుముందూ లేకపోలేదు గానీ, పిల్లలు ‘ఇది మాది’ అనుకోగలిగిన పత్రిక కోసం వెతికితే బాల దగ్గరే ఆగాలి.

పత్రికకు పుట్టిల్లు రేడియో. ఆకాశవాణి మద్రాసు కేంద్రం 1938 జూన్‌లో మొదలైంది. బరంపురంలో పుట్టిన రాఘవరావు, భార్యతో కలిసి అక్కడ పిల్లల కార్యక్రమం చేపట్టారు. పెద్దలు మైకు ముందు కూర్చుని నీతులు చెప్పడం ఆయనకు గిట్టని పని. పిల్లల చేతనే పాడించేవారు, నాటికలు ఆడించేవారు. రేడియోలో విన్న పాట విన్నంతసేపే; అచ్చులోకి వస్తే పదిసార్లు చదువుకోవచ్చు, పక్కింటి పిల్లకు అరువివ్వచ్చు. బాల తొలి సంచిక వచ్చింది రెండో ప్రపంచయుద్ధం ముగుస్తున్న నెలలోనే. కాగితానికి ఇంకా కటకటగా ఉన్న రోజుల్లో పిల్లల కోసం పత్రిక పెట్టడం లెక్కలు చూసుకునేవాడు చేసే పని కాదు.

కథలు, గేయాలు, పొడుపుకథలు, బొమ్మల కథలు, లటుకు-చిటుకుల కబుర్లు: లోపలి సరుకు ఇది. వాక్యాలు చిన్నవి, భాష ఇంట్లో మాట్లాడుకునేది. గ్రాంథికం ఇంకా చాలా పాఠ్యపుస్తకాలను ఏలుతున్న కాలమని గుర్తుంచుకుంటే ఇది చిన్న తెగింపేమీ కాదు. రాసేవాళ్లలో పిల్లలూ ఉండేవారు. ముళ్లపూడి వెంకటరమణ తొలి కథ ‘అమ్మ మాట వినకపోతే’ 1945లో ఇందులోనే అచ్చయింది. అప్పటికి ఆయనకు పద్నాలుగేళ్లు. బాపు తొలి బొమ్మ అచ్చయిందీ ఆ ఏడే, ఈ పత్రికలోనే. ఆయన ఇంకా పన్నెండు నిండని కుర్రాడు. మరో పదేళ్లు దాటాక వీళ్లిద్దరూ కలిసి ‘బుడుగు’ను సృష్టించారు. పెద్దల మాటను ఎగతాళి చేసే ఆ పిల్లవాడి గొంతుకు మూలాలు బాల పుటల్లో వెతికితే తప్పేమీ లేదు.

1947 జులైలో అదే మద్రాసు నుంచి నాగిరెడ్డి, చక్రపాణి ‘చందమామ’ తెచ్చారు. దానికి సొంత ప్రెస్సు ఉంది, జీతానికి పనిచేసే చిత్రకారులున్నారు, తమిళం నుంచి మొదలుపెట్టి ఒక్కో భాషకూ విస్తరించే వ్యాపార నేర్పు ఉంది. చందమామ తాతయ్య కథ చెబుతున్నట్టు సాగేది. బాలలో మాత్రం పిల్లలే చుట్టూ చేరి గోల చేస్తున్నట్టుండేది. మొదటిదానికి పాఠకులు కావాలి, రెండోదానికి తోటివాళ్లు కావాలి. అందుకే చందమామ సంపాదకులు మారినా నడిచింది. బాల ఆ దంపతుల ఓపిక మీదే నడిచింది.

అయితే బాల తెలుగు పిల్లలందరికీ అందలేదు. మద్రాసు రాష్ట్రంలో ఈ పత్రిక వెలువడుతున్న తొలి సంవత్సరాల్లో తెలంగాణలోని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలు నిజాం ఏలుబడిలో ఉన్నాయి. జనగామ అప్పట్లో నల్లగొండ జిల్లా తాలూకా. సర్కారు బడుల్లో పై చదువు ఉర్దూలో సాగేది. 1946 జులై 4న జనగామ తాలూకా కడవెండిలో, దొరలకు ఎదురుతిరిగిన దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు నేలకొరిగాడు. అప్పటికి బాలకు ఏడాది కూడా నిండలేదు. దొరల వెట్టిలో పశువులు కాసే పిల్లవాడికి తెలుగు మాసపత్రిక ఏ మూలన కనబడుతుంది? బాల చరిత్రను ‘తెలుగు పిల్లలందరి’ చరిత్రగా రాసేటప్పుడు ఈ సరిహద్దును మరిచిపోవడం మామూలైపోయింది.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక దంపతులు హైదరాబాదు వచ్చారు. పత్రిక మరి మూడేళ్లే సాగింది. అయితే హైదరాబాదు కేంద్రం నుంచి ఆదివారాలు వచ్చే ‘బాలానందం’ బాల వెళ్లని ఊళ్లకూ వెళ్లింది. పత్రికకు చందా కట్టాలి, చదువు రావాలి. పంచాయతీ ఆఫీసు రేడియో కింద నిలబడి వినడానికి ఆ రెండూ అక్కర్లేదు. నారాయణగూడలో బాలానంద సంఘం నెలకొంది. అక్కడ పాటలు, నాటికలు నేర్చిన పిల్లలు పెద్దయ్యాక రేడియోలో, సినిమాల్లో కనిపించారు.

కామేశ్వరి 1980లో, రాఘవరావు 1984లో మరణించారు. చాలాకాలం బాల పాత సంచికలు సేకర్తల బీరువాల్లో తప్ప దొరికేవి కావు. తర్వాత ‘రచన’ మాసపత్రిక సంపాదకుడు శాయి పూనికతో అవి సంపుటాలుగా మళ్లీ అచ్చయ్యాయి.